క్వారీ గుట్ట మీద బిళ్ళగన్నేర్లు

పొదిలి నుంచి మా ఊరికొచ్చే రోడ్డు పక్కన, పాత క్వారీ గుట్ట ముందు, ఇప్పటికీ ఒక బోర్డు ఉంది. ఆకుపచ్చ రేకు మీద తెల్లటి పెద్ద అక్షరాలతో 'రాక్ గార్డెన్' అని రాసి ఉంటుంది. కింద శివరామకృష్ణ చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో. కొత్తవాళ్ళు బండి ఆపి, గార్డెన్ ఎక్కడండీ అని అడుగుతారు. అడిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. గార్డెన్ లేదు నాయనా, పీకేశాం అంటాను. ఎవరు పీకేశారంటే మేమే. మేమంటే ఈ ఊళ్ళో మిరప వేసే ముప్పై ఇళ్ళ మగవాళ్ళం. అందులో నేనూ ఉన్నాను, నా పేరు యలమందయ్య. ఎవడో వచ్చి 'ఈయన కూడా ఉన్నాడుగా' అని వేలెత్తి చూపించకముందే ఆ సంగతి నేనే చెప్పేస్తున్నాను.

ఆ తోట పంచాయతీది కాదు. శివరామకృష్ణది అసలే కాదు. ఆయన మా ఊరి పెద్ద. పదెకరాల మిరప రైతు. ఏ పార్టీ గెలిచినా ఊళ్ళో ఆయన మాటే చెల్లుతుంది. ఆ గుట్ట మీద ఆయన పాతింది ఆ బోర్డు ఒక్కటే. బోర్డు వెనక రాళ్ళ సందుల్లో ఇరవై ఒక్క ఏళ్ళు పూలమొక్కలు పెంచింది మాబూబీ. ఇప్పుడు ఊళ్ళో ఆమె పేరెత్తితే చాలు, అందరూ వానల గురించో రేట్ల గురించో మాట మారుస్తారు. మార్చనీ. నేను మాత్రం చెప్పి తీరతాను.

మాబూబీకి ఇప్పుడు అరవై ఏళ్ళు. నాకంటే మూడేళ్ళు పెద్ద, మాబూబక్కా అని పిలుస్తాను. మనిషి పొట్టి, మాట గట్టి. మసీదు వీధి చివర రెండు గదుల రేకుల ఇల్లు, ఇంటి వెనక అరెకరం నేల, అందులో ఒక బోరు. పిల్లల్లేరు. ముప్పై ఏళ్ళపాటు మా ఊరి మిరప నారంతా ఆ అరెకరంలోనే లేచింది. విత్తనం మనం తెచ్చిస్తే ఆమె నారు పెంచి ఇచ్చేది. గింజల్ని బూడిదలో కలిపి మళ్ళలో పోసి, పైన వరిగడ్డి కప్పి, మొలక కనిపించిన పూట గడ్డి తీసేసేది. తెల్లారకముందే లేచి చిల్లుల డబ్బాతో నీళ్ళు చల్లేది. ఎవరి మడి దగ్గర వాళ్ళ పేరున ఒక గుర్తు ఉండేది. ఒకరికి పాత చెప్పు, ఒకరికి విరిగిన గరిటె. నా మడి దగ్గర మా ఇంటి పాత టార్చిలైటు గుచ్చింది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఒకరి నారు ఇంకొకరికి పోలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. నారు పీకే ముందు వారం రోజులు ఆమె నీళ్ళు ఆపేసేది. దాన్ని మేం బెట్ట పెట్టడం అంటాం. నీళ్ళందకపోతే వేళ్ళు లోపలికి దిగుతాయి, కాడ గట్టిపడుతుంది, పొలంలో నాటాక ఎండకు తల వేలాడేయదు. అయితే ఆ వారంలో మిట్టమధ్యాహ్నం నారుమడి చూస్తే గుండె జారిపోతుంది. ఆకులన్నీ పైకి ముడుచుకుపోయి సన్నటి దొప్పల్లా ఉంటాయి. నేను మిరప మొదలుపెట్టిన మొదటి ఏడాది అలాగే చూసి, నారు చచ్చిపోయిందని గోల చేసుకుంటూ ఆమె ఇంటిమీదికి పోయాను.

"మధ్యాహ్నం పూట వచ్చి మొక్కని చూస్తావేంటి తమ్ముడూ, బుద్ధుందా?" అని కసిరింది. "పొద్దున ఆరింటికి రా. అప్పటికీ ముడుచుకునే ఉంటే నా మొహాన కొట్టు."

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఆకులన్నీ చక్కగా విచ్చుకుని ఉన్నాయి. రాత్రి చల్లదనానికి తేరుకున్నాయి. ఆమె నా మొహం చూసి నవ్వి, టీ ఇచ్చి పంపించింది. అంటే, ముడుచుకున్న ఆకంతా తెగులు కాదని నాకు ముప్పై ఏళ్ళ కిందటే తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆమె భర్త సుభానీ క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. ఇరవై మూడేళ్ళ కిందట బ్లాస్టింగ్ అప్పుడు ఒక రాతి పలక ఎగిరొచ్చి తలకు తగిలింది. గుట్ట మొదట్లో, మూడు పెద్ద రాళ్ళ మధ్య పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. క్వారీ మూతపడింది. సుభానీని కాలవ అవతల వాళ్ళ శ్మశానంలో పెట్టారు. మా ఊరి ముస్లిముల ఇళ్ళల్లో ఆడవాళ్ళు సమాధుల దగ్గరికి పోరు, అది ఇక్కడి ఆనవాయితీ. సుభానీ తమ్ముడు మొహిద్దీన్ బాషా వెళ్ళి అన్న సమాధి మీద బిళ్ళగన్నేరు నాటాడు. ఏడాది తిరిగాక, ఆ మొక్క కాయలు నాలుగు తెచ్చి వదినకిచ్చాడు.

బిళ్ళగన్నేరంటే తెలియనివాళ్ళుండరు. రోడ్డు పక్కన, పాత గోడల మీద, ఎవరూ నీళ్ళు పోయని చోట ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటుంది. చేదు కాబట్టి మేక కూడా ముట్టదు. సుభానీ సమాధి మీది మొక్క మాత్రం మామూలు బిళ్ళగన్నేరు కాదు. జానెడుకు మించి ఎదగదు, గుబురుగా నేలకంటుకుని ఉంటుంది, తెల్లటి పువ్వుకు నడిమధ్యన కుంకుమ పెట్టినంత ఎర్రచుక్క. అలాంటి మొక్క ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా నేను చూడలేదు.

మాబూబీ ఆ నాలుగు కాయల గింజల్ని మిరప నారు పోసినట్టే పోసింది. నారు పెంచి, బెట్ట పెట్టి, తీసుకెళ్ళి గుట్ట మీద ఆ మూడు రాళ్ళ సందుల్లో పిడికెడు పిడికెడు మట్టి కూరి నాటింది. మా ఇంటావిడ సుబ్బరావమ్మ అప్పుడు అడిగిందట, ఆ బండల్లో ఎందుకు వదినా, ఇంటి ముందే వేసుకోరాదా అని.

"ఆయన దగ్గరికి నేను పోగూడదు," అందట మాబూబీ. "ఇక్కడికి పోవద్దని మాత్రం ఎవరూ చెప్పలేదుగా."

అదీ సంగతి. మీరు గార్డెన్ అన్నా, ఇంకేమన్నా, ఆమెకది మొగుడి దగ్గరికి పోయి కూర్చునే చోటు. నారు పని అయిపోయాక రోజూ రెండు బిందెలు నీళ్ళు మోసుకెళ్ళేది. గుట్టకు ఇంటి నుంచి అర కిలోమీటరు. ఒక బిందె నెత్తిన, ఒకటి చంకన. ఏటా సుభానీ పోయిన రోజుకి, అంటే ఆగస్టు చివరికి, గుట్టంతా పూయాలని ఆమె కోరిక. అందుకని పదిహేను రోజుల ముందు ఆ మొక్కలకు కూడా బెట్ట పెట్టేది. తర్వాత నీళ్ళు పోసేసరికి ఒక్కసారిగా విరగబూసేవి. కాయ పండి పగిలితే గింజ ఎగిరిపోతుందని, పాత చీర పేలికలు చింపి ఒక్కో కాయకీ ముడి కట్టేది. పొడుగ్గా ఎదిగిన మొక్క గింజ పారేసి, పొట్టిదాని గింజే ఏరి, ఇంట్లో ఏమీ మిగుల్చుకోకుండా అంతా కొత్త సందుల్లో వేసేసేది. అలా మూడు రాళ్ళ దగ్గర మొదలైన మొక్కలు ఇరవై ఏళ్ళలో గుట్ట పైదాకా ఎక్కాయి.

అవి రోడ్డు మీదికి కనపడేదాకా ఎవరికీ పట్టలేదు. కనపడ్డాక అందరూ వచ్చారు. పెళ్ళికి ముందు ఫొటోలు తీసుకునేవాళ్ళు ఒంగోలు నుంచి కార్లేసుకుని వచ్చారు. స్కూలు పిల్లల్ని వరసగా తీసుకొచ్చారు. ఎవరో పెద్దాఫీసరు కారాపి బాగుందన్నాడట, వారం తిరక్కుండా శివరామకృష్ణ బోర్డు పాతించాడు. రిబ్బను కత్తిరించే రోజు మాబూబీని పిలవలేదు. ఆమె ఆ రోజు కూడా బిందె నెత్తిన పెట్టుకుని వచ్చి, జనాన్ని చూసి, పక్కకి నిలబడి, అందరూ పోయాక నీళ్ళు పోసుకుని వెళ్ళింది. నాకే ఉండబట్టక, నీ పేరు కూడా రాయించమని అడుగుతానక్కా అన్నాను.

"పేరు నేనేం చేసుకోను తమ్ముడూ. గుట్ట దగ్గర ఒక కుళాయి వేయించమను, మోకాళ్ళు పోతున్నాయి," అంది.

ఆ కుళాయి ఈ రోజుకీ రాలేదు. ఆమె ఒక్కత్తే మోసిన నీళ్ళతో పూసిన పూల ముందు నిలబడి ఊరంతా ఫొటోలు దిగింది. నేనూ దిగాను. మా ఇంట్లో టీవీ పక్కన ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత నల్ల తామర పురుగు వచ్చింది. మిరప పండించే వాళ్ళకి ఆ ఏడాది గురించి నేను చెప్పక్కర్లేదు. నల్లగా, నలుసంత ఉంటుంది. పువ్వులో దూరి కూర్చుంటుంది, పూత మొత్తం రాలిపోతుంది, చిగురాకులు పైకి ముడుచుకుపోతాయి. పైముడత అంటాం దాన్ని. దొరికిన మందల్లా కొట్టాం. రెండు మందులు కలిపి కొట్టాం, మూడు కలిపి కొట్టాం. చివరికి కాపు మీదున్న తోటల్ని ట్రాక్టర్లతో దున్నేశాం. నా రెండెకరాలూ నా చేతుల్తోనే దున్నేశాను. ఆ రోజు నుంచి మా ఊళ్ళో ఏ చెట్టు ఆకు కాస్త ముడుచుకున్నా మగవాళ్ళకి నిద్ర పట్టేది కాదు. భయం ఉంది, కాదనను. భయమున్నవాడు కాస్త ఆగి చూడాలి కదా. మేం ఆగలేదు.

పోయిన ఏడాది ఆగస్టులో వానలు ముఖం చాటేశాయి. మాబూబీ ఇంటి దగ్గర మా నారంతా బెట్టలో ఉంది, ఇంకో రెండ్రోజుల్లో పీకాలి. గుట్ట మీద ఆమె బిళ్ళగన్నేర్లు కూడా అదే సమయంలో బెట్టలో ఉన్నాయి. ఒక మధ్యాహ్నం నేను బండి మీద పొదిలి నుంచి వస్తుంటే, గుట్ట దగ్గర శివరామకృష్ణ ఇంకో నలుగురితో నిలబడి ఉన్నాడు. మందుల కంపెనీ ఏజెంటెవడో ఆయనకి చెప్పాడట, తామర పురుగు పూలమొక్కల్లో దాక్కుని అక్కణ్ణించి మిరపకు పాకుతుందని.

"ఒరేయ్ యలమందా, నువ్వు చూసి చెప్పరా. ఈ ఆకులేంటి ఇలా అయిపోయాయి?" అన్నాడు.

నేను బండి దిగలేదు. ఇంజన్ కూడా ఆపలేదు. ఆ ఎండలో రోడ్డు మీంచే చూశాను. ఆకులు పైకి ముడుచుకుని దొప్పల్లా ఉన్నాయి.

"పైముడతలా ఉందే," అన్నాను.

అంతే, అన్నం వేళయిందని వచ్చేశాను. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మిరప రైతు నోట్లోంచి వచ్చిన మాట అది. సాయంత్రానికి ఊరంతా పాకింది. మాబూబీ పూలల్లో పైముడత పుట్టింది, యలమందయ్యే చూసి చెప్పాడు, రేపో ఎల్లుండో మన నారుకి పాకుతుంది అని. నేను చూసింది ఎక్కణ్ణించి అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి పాతిక మందిమి గుట్ట దగ్గర చేరాం. పారలు, గోతాలు, రెండు ట్రాక్టర్లు. మొహిద్దీన్ బాషా కూడా వచ్చాడు, అతనికీ రెండెకరాల మిరప ఉంది. నేను నా బ్యాటరీ స్ప్రేయరు తీసుకెళ్ళాను. శివరామకృష్ణ తెమ్మన్నాడు, తీసుకెళ్ళాను. ఎందుకని అడగలేదు.

మాబూబీకి ఎవరు చెప్పారో, నారుమడిలోంచి లేచి చేతులకు మట్టితోనే వచ్చేసింది. మమ్మల్నందర్నీ ఒకసారి చూసింది.

"ఏంటయ్యా ఇదంతా?" అంది.

"ఏమ్మా మాబూబీ, నీ మొక్కలకి ముడతొచ్చింది," అన్నాడు శివరామకృష్ణ. "ఊరి పంట పోతుంది. తీసేయాలి."

"ముడత కాదు బాబూ. బెట్ట పెట్టాను. నీళ్ళు ఆపి పది రోజులైంది."

"ముడతో బెట్టో మాకు తెలియదా? యలమందయ్య చూశాడుగా."

ఆమె నా వైపు తిరిగింది. నేను స్ప్రేయరు బెల్టు సర్దుకున్నాను.

"రేపు పొద్దున్నే ఆరింటికి రండి," అంది అందరితో. "అందరూ రండి. ఆకు విచ్చుకోకపోతే మీరు ముట్టుకోవద్దు, నా చేత్తో నేనే పీకేస్తాను. ఒక్క పూట ఆగండి."

"ఒక్క పూటలో పురుగు పాకిందంటే ఎవరు పూచీ?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"పువ్వు కోసి దులిపి చూడండయ్యా. పురుగుంటే కనపడుతుందిగా."

ఎవడూ కొయ్యలేదు. పాతిక మంది మిరప రైతులం, పురుగుతో పెరిగినవాళ్ళం, ఒక్కడు కూడా వంగి ఒక పువ్వు కోసి అరచేతిలో దులిపి చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది. ఆమె నా దగ్గరికి వచ్చింది.

"తమ్ముడూ, నువ్వు చెప్పు. బెట్టంటే నీకు తెలియదా?"

తెలుసు. ఆ క్షణంలోనే తెలిసింది. దగ్గర్నుంచి చూస్తే ఆకు ముడుచుకుందే గాని వంకర్లు పోలేదు, చిగురు మాడలేదు, పువ్వు రాలలేదు. పైముడత అలా ఉండదు. నాకు తెలుసు, అయినా నోరు పెగల్లేదు. నిన్న నేనే అన్న మాటని ఇవాళ పాతిక మంది ముందు నేనే కాదంటే నా పరువేం కావాలని ఆలోచించాను. నా పరువు. దానికోసం తల దించుకుని నిలబడ్డాను. ఆమె ఇంకోసారి అడగలేదు.

మరో గంటలో అంతా అయిపోయింది. ఇరవై ఒక్క ఏళ్ళ మొక్కలు గంటలో పీకేశాం. రాళ్ళ సందుల్లోంచి వేళ్ళు అంత తేలిగ్గా రాలేదు, పారలతో పొడిచాం. జానెడు మొక్కకి మూరెడు వేరు. బెట్ట పెట్టి పెట్టి ఆమె వాటిని అంత లోపలికి దింపింది. అన్నీ కుప్ప పోసి డీజిల్ చల్లి అంటించారు. ఆకుల్లో పచ్చి ఉండటంతో మంట లేవలేదు, పొగే లేచింది. మళ్ళీ మొలవకూడదని శివరామకృష్ణ గడ్డిమందు కలిపించి రాళ్ళ సందుల్లో కొట్టమన్నాడు. స్ప్రేయరు నాది. నా వీపు మీదే ఉంది. నేనే కొట్టాను. ఆ మూడు రాళ్ళ మధ్య కూడా కొట్టాను.

ఆమె ఏడవలేదు, శాపాలు పెట్టలేదు. పెట్టుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో. కుప్ప అంటించేముందు మాత్రం వంగి, పేలిక కట్టిన కాయ ఒకటి తెంపుకుని పిడికిట్లో పెట్టుకుంది. శివరామకృష్ణ చూశాడు.

"విత్తనంలో కూడా ఉంటుందమ్మా. అది కూడా వేసెయ్యి."

విత్తనంలో తామర పురుగు ఉండదు. బళ్ళో చదివే పిల్లాణ్ణడిగినా చెబుతాడు. అక్కడున్న ప్రతి మగాడికీ తెలుసు. ఆమె మమ్మల్ని వరసగా చూసింది, ఎవరన్నా ఆ మాట అంటారేమోనని. మొహిద్దీన్ బాషా వైపు కాస్త ఎక్కువసేపు చూసింది. అతను నేల చూపులు చూశాడు. ఆమె పిడికిలి విప్పి కాయని కుప్ప మీద వేసి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే మొహిద్దీన్ బాషా కాలవ దాటి వెళ్ళి అన్న సమాధి మీది మొక్కలు కూడా పీకేసి వచ్చాడని తర్వాత తెలిసింది.

ఇంటికెళితే సుబ్బరావమ్మ నాకు అన్నం వడ్డించలేదు. గిన్నె నా ముందు పెట్టి, గరిటె దాని మీద పడేసింది.

"నీ కళ్ళు మిరపకాయ రంగు చూడ్డానికి తప్ప దేనికీ పనికిరావు," అంది. "సుభానీ అన్న పడిపోయిన చోటు అది. అది కూడా తెలియదా?"

తెలుసన్నాను. తెలిసి చేశావా అంది. నేనే గరిటె తీసుకుని అన్నం పెట్టుకున్నాను.

ముందే అనుకున్న ప్రకారం మర్నాడు పొద్దున నారు తీసుకోవాలి. ఇస్తుందో ఇవ్వదో అని అందరికీ బెరుకే. ఇవ్వకపోతే ఆ సీజను పోయినట్టే. నాటే పని ఉంటే పొద్దున్నే ఎలా లేస్తామో చూడాలి. ఆరింటికల్లా ముప్పై మందిమీ ఆమె ఇంటి వెనక ఉన్నాం. పువ్వుల కోసం ఒక్కడికీ తెల్లారలేదు గాని, నారు కోసం అందరికీ తెల్లారింది. మాబూబీ అప్పటికే మళ్ళు తడిపి, పీకి, కట్టలు కట్టి, ఎవరి గుర్తు దగ్గర వాళ్ళవి పెట్టి ఉంచింది. ఇంకా పీకని మళ్ళలో నారు నిటారుగా నిలబడి ఉంది. ఒక్క ఆకు ముడుచుకోలేదు.

మేం తలొంచుకుని కట్టల దగ్గరికి నడిచాం. ఆమే మాట్లాడింది.

"నిన్న మధ్యాహ్నం ఇవి కూడా గుట్ట మీది వాటిలాగే ముడుచుకున్నాయి. చూసుంటే వీటిని కూడా పీకేసేవాళ్ళు. మీ అదృష్టం బాగుంది, అప్పుడు మీరంతా గుట్ట దగ్గర ఉన్నారు."

చెప్పుతో కొట్టినా అంత తగిలేది కాదు. శివరామకృష్ణ కట్టలు ట్రాలీలో వేయిస్తూ వినపడనట్టే ఉన్నాడు. నేను నా టార్చిలైటు దగ్గరికి వెళ్ళి నా కట్టలు తీసుకున్నాను. ఎన్ని చెప్పిందో అన్నీ ఉన్నాయి, ఒక్కటి తగ్గలేదు. నేను వెళుతుంటే ఆ టార్చిలైటు కూడా మట్టి తుడిచి చేతిలో పెట్టింది. అందరి గుర్తులూ అలాగే అందరికీ తిరిగిచ్చేసింది. వచ్చే ఏడాది నుంచి నారు పోయనని ఆమె నోటితో చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ నారు బ్రహ్మాండంగా పాతుకుంది, ఒక్క మొక్క పోలేదు. డిసెంబరులో తామర పురుగు వచ్చింది. గుట్ట మీద ఒక్క పువ్వు లేదు, ఆకు లేదు, గడ్డిపరక కూడా లేదు. అయినా వచ్చింది. ఎటు నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. శివరామకృష్ణ ఏమన్నాడో తెలుసా? పక్కూరి బంతి తోటల నుంచి వచ్చి ఉంటుందన్నాడు. మాబూబీ దగ్గరికి వెళ్ళి తప్పయిందమ్మా అనాలని ఆయనకి తోచలేదు. పైగా ఆ మధ్య వానకి రాళ్ళ దగ్గర రెండు మొలకలు కనిపిస్తే, ఎందుకైనా మంచిదని వాటి మీద కూడా గడ్డిమందు కొట్టించాడట. బోర్డు మాత్రం తీయించలేదు. దాని మీద ఆయన ఫొటో ఉందిగా మరి.

నేనైనా వెళ్ళానా అంటే, వెళ్ళడానికి పదకొండు నెలలు పట్టింది. మొన్న జూలైలో గుంటూరు వెళ్ళినప్పుడు నర్సరీలో బిళ్ళగన్నేరు కుండీలు కనిపించాయి. ఎరుపు, ఊదా, తెలుపు. పన్నెండు కుండీలు కొని ఆటోలో వేయించుకుని, బస్టాండు నుంచి బస్సు టాపు మీద పెట్టించుకుని, సాయంత్రానికి మాబూబీ గుమ్మం ముందు దించాను. ఆమె నడుముకి చెయ్యి ఆనించుకుని బయటికి వచ్చింది. ఇంటి వెనక అరెకరంలో జొన్న చొప్ప వేసి ఉంది. మిరప నారు లేదు.

"ఏంటివి తమ్ముడూ?"

"గుట్ట మీద వేద్దామక్కా. నీళ్ళు నేను మోస్తాను. రోజూ మోస్తాను."

ఒక తెల్లపువ్వు వంచి చూసింది. మధ్యలో ఎర్రచుక్క కూడా ఉంది.

"బాగున్నాయి. ఇవి షాపువి," అంది. "అవి ఆయన దగ్గర్నుంచి వచ్చినవి."

తప్పు చేశానక్కా అన్నాను. ఆ రోజు నాకు తెలిసి కూడా నోరు విప్పలేదు అన్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసని నాకు తెలుసు తమ్ముడూ. మిగతావాళ్ళ మీద నాకంత కోపం లేదు," అంది.

కుండీలు సుబ్బరావమ్మకిమ్మని చెప్పింది. నేను వెనక్కి తిరుగుతుంటే పిలిచింది.

"రేపు పొద్దున్నే ఆరింటికి గుట్ట దగ్గరికి వస్తావా?"

వస్తానన్నాను. ఆ రాత్రంతా నాకు ఒకటే ఆశ. ఏ రాతి సందులోనో ఒక గింజ మిగిలి మొలిచి ఉంటుంది, అది చూపించడానికే రమ్మంది అనుకున్నాను. సుబ్బరావమ్మతో కూడా అదే అన్నాను. ఆవిడ లైటు ఆర్పేసింది.

ఆరు కాకముందే వెళ్ళాను. మాబూబీ అప్పటికే ఆ మూడు రాళ్ళ దగ్గర చదునుగా ఉన్న ఒక బండ మీద కూర్చుని ఉంది. పక్కన బిందె లేదు. నేను రాళ్ళ చుట్టూ తిరిగాను, వంగి ఒక్కో సందూ చూశాను. మట్టి తెల్లబారి గట్టిపడిపోయి ఉంది. కుప్ప అంటించిన చోట బండ ఇంకా నల్లగానే ఉంది. పైదాకా ఎక్కి దిగాను. ఎక్కడా పచ్చటిదనేది లేదు.

"ఏముందక్కా ఇక్కడ? ఏం చూడ్డానికి రమ్మన్నావు?" అని అడిగాను.

"ఏమీ లేదు," అంది. "ఆ రోజు పొద్దున్నే వచ్చి చూడమంటే రాలేదుగా. ఇప్పుడొచ్చావు. చూడు."

నేను ఆ నల్లటి బండ పక్కన నిలబడి, ఎండ వచ్చేదాకా చూశాను.